ఊఁ కొట్టకుండా

"రెండో కంటికి కూడా చేసేద్దాం సార్" అని డాక్టర్ కౌండిన్య అడగడం అది మూడోసారి.

పెద్ద సార్ సంతకం పెట్టలేదు. కాగితం బల్ల మీదే ఉంది. తలుపు తీసి ఉండటంతో బయట బెంచీ మీదున్న మాకు అన్నీ వినపడుతున్నాయి. నేనూ, మా అమ్మాయి హైమా.

"మొదటి నెల సున్నా సార్. ఆరో నెలకి ఐదు వరుసలు చదివింది. ఇంకేం కావాలి?" కౌండిన్య గారి గొంతు పెరిగింది. "ఎడమ కన్ను కూడా పోయేదాకా ఆగుదామా?"

"స్కాన్ చూసినావా నాయనా?"

"చూశాను. నాటిన కణాలు బతికే ఉన్నాయి."

"బతికే ఉన్నాయి" అన్నారు పెద్ద సార్. "చూస్తున్నాయా?"

"పిల్ల చదువుతోంది కదా సార్!"

హైమ నా చెయ్యి నొక్కింది. నవ్వుతోందనుకున్నాను. నవ్వడం లేదు.

పెద్ద సార్ పేరు డాక్టర్ హబీబుల్లా. కర్నూలు మనిషి. ఆ పరిశోధన ఆయనది. కౌండిన్య గారు నాలుగేళ్ళుగా ఆయన దగ్గరే నేర్చుకుంటున్నారు. లాబులో పెరిగే కణాలకు రోజూ మేత మార్చాలట, ఆదివారాలూ పండగలూ లేకుండా. తన చెల్లెలి పెళ్ళి రోజు కూడా కౌండిన్య గారు పొద్దున్నే వచ్చి మార్చి వెళ్ళారని నర్సమ్మ చెప్పింది. అంత ప్రాణం పెట్టారు.

హైమకు పధ్నాలుగో ఏట చూపు తగ్గడం మొదలైంది. ముందు చీకట్లో తడబడింది. తర్వాత పక్కనున్నవి కనపడలేదు. కంటి వెనక పొర ఎండిపోతోందన్నారు. పంతొమ్మిదేళ్ళు వచ్చేసరికి కుడి కంటికి వెలుగు ఒక్కటే తెలిసేది. ఎడమ కంటికి చేతి గాజులోంచి చూసినంత గుండ్రటి చూపు మిగిలింది.

దాని చేతి మీద గోరంత చర్మం తీశారు. ఆ చర్మాన్నే కంటి కణాలుగా మార్చి, పెంచి, కుడి కంటి వెనక నాటారు. ఇది పరిశోధన, చూపు వస్తుందని మాటివ్వలేము అని పెద్ద సార్ ముందే చెప్పారు. మాది కందుకూరు వైపు. పొగాకు నాటే చేతులు నావి. "నారు నాటినట్టేనా సార్?" అని అడిగాను.

"అట్లాంటిదేనమ్మా" అన్నారు.

కుడి కన్ను బాగుపడితేనే ఎడమ కన్ను. సూది లోపలికి పోయేటప్పుడు ఉన్న చూపు పోయినా పోవచ్చని ఆ కాగితంలో రాసి ఉంది. కౌండిన్య గారు దాచలేదు, చదివి వినిపించారు. హైమ సంతకం పెడతానంది. ఎక్కడ పెట్టాలో నేను వేలితో చూపించడమే మిగిలింది.

"సరే, ఒకసారి నా ముందర చదివించు" అన్నారు పెద్ద సార్.

హైమ నా మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. కుర్చీలో కూర్చోబెట్టాను. కౌండిన్య గారు ఎడమ కంటి మీద దూది పెట్టి ప్లాస్టర్ అంటించారు. ఎదురు గోడకు లైటు పెట్టె. దాని మీద అక్షరాల చార్టు. పైన ఒక పెద్ద అక్షరం, దాని కింద రెండు, ఆ కింద మూడు, అలా చిన్నవవుతూ దిగుతాయి.

"ఒకటే చార్టా?" అన్నారు పెద్ద సార్.

"రెండోది ఊళ్ళలో క్యాంపుకు పట్టుకెళ్ళారు సార్. ఇంకా రాలేదు."

"ఆరు నెలలూ దీంతోనే చూసినావా?"

"అవును సార్."

పెద్ద సార్ చార్టు వైపు ఒకసారి చూశారు.

"ఇవాళ ఐదో వరుస దాటితే నాకేమిస్తారు సార్?" అంది హైమ.

"ఆరో వరుస ఇస్తా" అన్నారు కౌండిన్య గారు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పెద్ద సార్ తన తెల్లకోటు విప్పారు. నెమ్మదిగా గోడ దగ్గరికి వెళ్ళి లైటు పెట్టె మీద వేలాడదీశారు. చార్టు మొత్తం మూసుకుపోయింది. వెనక లైటుకు కోటు తెల్లగా వెలుగుతోంది. జేబులో ఎర్ర పెన్ను ఒకటుంది. అంతే ఉంది అక్కడ.

కౌండిన్య గారు నోరు తెరిచారు. పెద్ద సార్ చెయ్యెత్తారు.

"చదువమ్మా."

"ర" అంది హైమ.

ఎప్పుడూ ప్రతి అక్షరానికీ కౌండిన్య గారు "ఊఁ" అనేవారు. ఆ రోజు అనలేదు.

"ట. మ."

గదిలో ఫ్యాన్ తిరుగుతోంది.

"గ, ప, న." హైమ ఒక్క క్షణం ఆగింది. "సార్?"

"చదువు తల్లీ, వింటున్నా" అన్నారు పెద్ద సార్.

"ల, ర, వ, డ."

ఐదో వరుసకు మెడ ముందుకు చాచింది. కన్ను చిట్లించింది. కష్టపడి చూసే మనిషి ఎలా చూస్తుందో అలాగే చూసింది, ఆ కోటు వైపు.

"ప, ట, గ... ఇది వ నా? కాదు కాదు. మ. చివరిది న."

పదిహేనూ చెప్పింది. ఒక్కటీ తప్పు పోలేదు.

హైమ చేతులు ఒళ్ళోకి తీసుకుంది. "తప్పు చదివానా సార్?"

కౌండిన్య గారు గోడకు ఆనుకున్నారు. పెద్ద సార్ స్టూలు లాక్కుని హైమ ఎదురుగా కూర్చున్నారు.

"తప్పేమీ లేదమ్మా. అక్షరాల మీద నా కోటు వేసినాను."

హైమ తల దించుకుంది.

"ఎవరు చెప్పినారు నీకు ఇవి?"

"అమ్మ."

పెద్ద సార్ నా వైపు తిరిగారు.

"బస్సులో చెప్పింది సార్. అమ్మకు తెలీదు నేనెందుకు అడిగానో."

నిజమే. నేనే చెప్పాను. ఆ గదిలో కూర్చున్నంతసేపూ నాకు చూడటానికి వేరే ఏముంది? నోటికొచ్చేశాయి. మొదటిసారి వెళ్ళొచ్చేటప్పుడు అడిగింది, ఆ పెట్టె మీద ఏమున్నాయమ్మా అని. కిటికీలోంచి కొట్ల బోర్డులు అడుగుతుంది, సినిమా పోస్టర్లు అడుగుతుంది, ఎదురొచ్చే బస్సు ఎక్కడిదో అడుగుతుంది. నేను చదివి చెబుతాను. మాకది అలవాటు. ఇవీ అలాగే చెప్పాను.

"ఎందుకు హైమా?" అన్నారు కౌండిన్య గారు. "ఎందుకిలా చేశావు?"

హైమ తల ఎత్తకుండానే చెప్పింది.

"మొదటి నెల ఏమీ కనపడలేదన్నాను. మీరు చాలాసేపు మాట్లాడలేదు సార్. అమ్మ ముక్కు చీదుకోవడం వినపడింది. రెండో నెల ఒక్క అక్షరం చెప్పాను. మీరు ఊఁ అన్నారు." కాస్త ఆగింది. "ఆ రోజు దారిలో అమ్మ జామకాయలు కొంది."

పెద్ద సార్ లేచారు. కోటు తీసుకుని తొడుక్కున్నారు. చార్టు మళ్ళీ బయటపడింది.

"ఇప్పుడడుగు నాయనా" అన్నారు శిష్యుడితో. "ఊఁ కొట్టకుండా అడుగు."

కౌండిన్య గారు గోడ దగ్గర్నుంచి కదిలారు. తర్వాత వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

"ఏమైనా అక్షరం కనపడుతోందా?"

"లేదు సార్."

"పెద్దదైనా?"

"లేదు."

"వెలుగు?"

"తెలుస్తోంది. ఇంతకుముందూ తెలిసేది."

కౌండిన్య గారు గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఆయన అలా అడగ్గా వినడం అదే మొదటిసారి. హైమ కూడా చక్కగా కూర్చుని జవాబు చెప్పింది. నా బిడ్డ మొహం అంత తేలిగ్గా ఉండగా చూసి ఆరు నెలలైంది.

"రాయి" అన్నారు పెద్ద సార్.

కౌండిన్య గారు కేసు కాగితంలో ఐదు నెలల అంకెల మీద గీత పెట్టారు. కొట్టేసినట్టు కాదు, కింద ఏముందో కనపడేలా సన్నటి గీత. పక్కన ఏదో రాశారు. సంతకం పెట్టారు. బల్ల మీదున్న రెండో కంటి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకున్నారు.

నాకు ఆగలేదు. "మళ్ళీ నాటకూడదా సార్?"

పెద్ద సార్ నా చేతుల వైపు చూశారు.

"ముందు నాటింది ఎందుకు పట్టలేదో తెలీకుండా పక్క మడిలో నాటుతావా తల్లీ?"

నాటను. నాటనని ఆయనకు తెలుసు.

కౌండిన్య గారు గోరువెచ్చటి నీళ్ళు తెప్పించి ప్లాస్టర్ అంచులు తడిపారు. కనుబొమ వెంట్రుక ఒక్కటి కూడా లాగకుండా మెల్లగా ఊడదీశారు. దూది తీయగానే హైమ ఎడమ కన్ను ఆర్పి ఆర్పి చూసి, ఆయన మొహం ఎక్కడుందో వెతికి పట్టుకుంది.

"మీరు ఏడుస్తున్నారు సార్" అంది.

"అవును" అన్నారాయన. "సరిగ్గా చూశావు."

సాయంత్రం బస్టాండులో జనం. మా ప్లాట్‌ఫారం మీదకు ఒక బస్సు వచ్చి ఆగింది.

"అమ్మా, మనదేనా? ఏముంది బోర్డు మీద?"

నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. దాని భుజాలు పట్టుకుని బస్సు ముందు నిలబెట్టాను.

తల అటూ ఇటూ తిప్పింది. ఆ గాజంత చూపును బోర్డు మీదకు తెచ్చుకోవడానికి చాలాసేపు పట్టింది. వెనక నుంచి ఎవరో నెట్టారు. "ఎక్కుతారా, లేదా అమ్మా? దారికి అడ్డం!" అని కండక్టరు కేకేశాడు.

"క" అంది. తర్వాత "సున్నా." తర్వాత ఆగిపోయింది. నా వైపు తిరగలేదు గానీ చెవి నా వైపే ఉంది.

నేను ఊఁ అనలేదు.

"దు" అంది హైమ.