అరవై కిలోమీటర్ల బ్యాటరీ

ఇస్సాకు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాళ్ల చేతికి ఏదో ఒక పని అప్పగించి, తాను పక్కన కూర్చునేవారు. ఐటీఐలో ముప్పై ఏళ్లు కరెంటు పని నేర్పి రిటైరయ్యాక, ఉదయగిరి శివార్లలో తన ఇంటి ముందున్న రేకుల షెడ్డులో ప్రతి ఆదివారం వచ్చినవాళ్లకు వచ్చినంత నేర్పేవారు. అలా నేర్చుకున్నవాళ్లలో నేనొకణ్ణి. పెంచలమ్మ మరొకరు. ఇప్పుడు చెప్పబోయేది ఆమె తన నోటితో నాకు చెప్పిందే.

పెంచలమ్మ కొండపక్క పల్లెలు తిరిగే నర్సు. నలభై ఏళ్ల మనిషి. ఆమె తిరిగే ఊళ్లలో చివరిది చింతలగుంట, ఇంటి నుంచి పద్దెనిమిది కిలోమీటర్లు. పోయిన వానాకాలం అక్కడ ఒకామెకు కాన్పు కష్టమైందని ఫోను వచ్చింది. ఆటో దొరకలేదు. సైకిలు మీద బయలుదేరి, ఎత్తుల దగ్గర దిగి సగం దూరం నడిచి పెంచలమ్మ చేరేసరికి తల్లి ప్రాణం పోయింది. ఆ నెల తిరక్కముందే ఆమె తన పాత సైకిలు తోసుకుంటూ మాస్టారి దగ్గరికి వచ్చి, దీనికి మోటారు బిగించడం నేర్పమంది. మూడు నెలల్లో చక్రానికి మోటారు, హ్యాండిలుకు యాక్సిలరేటరు అన్నీ తన చేతులతోనే బిగించుకుంది. ఇక మిగిలింది బ్యాటరీ.

ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు బ్యాటరీలు తెచ్చి మాస్టారి ముందు పెట్టింది. ఒకటి చిన్నది, కొత్తది. పాతిక కిలోమీటర్లకు మించి రాదు. రెండోది పెద్దది. పాత ల్యాప్‌టాపుల్లోంచి తీసిన సెల్లులను ఎవరో ఒకచోట అతికించి, పైన నీలం ప్లాస్టిక్ తొడుగు వేసి అమ్మినది. అరవై కిలోమీటర్లు వస్తుందట.

"ఏది పెట్టుకోమంటారు మాస్టారూ? చిన్నది నన్ను చింతలగుంట తీసుకెళ్తుంది గానీ తిరిగి తీసుకురాదు. పెద్దది పోయొస్తుంది. నాకైతే ఆలోచించాల్సిందేమీ కనపడలేదు. మీరు కూడా సరేనంటే బిగించేస్తాను."

మాస్టారు పెద్దదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది రోజుకు రెండు గంటలు నీ సైకిలు మీద ఉంటుంది. మిగతా ఇరవై రెండు గంటలు ఎక్కడుంటుంది?"

"ఇంట్లోనే. మాకు పనిచేసే ప్లగ్గు ఒక్కటే, ముందు గదిలో అత్తయ్య మంచం పక్కన. పాప కూడా ఆ మంచం మీదే పడుకుంటుంది. ఇప్పటికే రెండుసార్లు ఛార్జింగ్ పెట్టి చూశాను. ఏం కాలేదు."

మాస్టారు లేచారు. మేస్త్రీలు వాడే ఇనప బాండీ ఒకటి తెచ్చి, అందులో ఇసుక పోయించి, వాకిట్లో అన్నిటికీ దూరంగా పెట్టించారు. నీలం తొడుగును ఆమె చేతనే కోయించి, బ్యాటరీని ఆ ఇసుక మీద పెట్టించారు. లోపల సెల్లులు పది వరసలున్నాయి. ఏ వరస నిండినా కరెంటు ఆపేసే చిన్న బోర్డు ఒకటి ఉండాలి. అది లేదు. పెంచలమ్మకు ఆ సంగతి కనపడింది. అయినా అడగలేదు. ఒక్కో వరస నుంచీ ఒక్కో సన్నటి తీగను షెడ్డు దాకా లాగించి, మాస్టారు బ్యాటరీకి ఛార్జరు తగిలించి, మీటరు ఆమె చేతికిచ్చి, తాను వెళ్లి స్విచ్ వేసి దాని దగ్గర కూర్చున్నారు.

"ఏ వరసైనా నాలుగు పాయింటు రెండు వోల్టులు దాటితే చెప్పు."

మొదటి గంట అన్ని వరసలూ ఒక్కలాగే ఎక్కాయి. రెండో గంటలో ఏడో వరస మిగతావాటిని వదిలి ముందుకు పోయింది. నాలుగు పాయింటు ఒకటి. కాసేపటికి నాలుగు పాయింటు రెండు. తర్వాత అదీ దాటింది.

పెంచలమ్మ చెప్పలేదు. మీటరు తప్పు చూపిస్తోందేమోనని తీగ తీసి మళ్లీ పెట్టింది. అంకె ఇంకొంచెం పెరిగింది. కాసేపు ఆగితే అదే దిగుతుందిలే అనుకుంది. చేతిలో మీటరు ఉన్నా ఆమె కళ్లముందు చింతలగుంట దారి ఉంది, ఆ గుడిసె ముందు చేరిన జనం ఉన్నారు. అంకె నాలుగు పాయింటు ఆరు దాకా వచ్చాక ఆమె పిలిచింది.

"మాస్టారూ, దాటింది."

ఆయన స్విచ్ ఆపారు. ఆమె మీటరు కింద పెట్టి బాండీ వైపు నడిచింది.

"ముట్టుకోవద్దు."

"ఆపేశారు కదా."

"ఆపింది మనం. అది ఆగిందో లేదో చూద్దాం."

ఇద్దరూ షెడ్డు గుమ్మంలో నిలబడ్డారు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు గడిచాయి. బ్యాటరీ ఎండలో మామూలుగానే ఉంది. అతిజాగ్రత్త అనుకుని పెంచలమ్మ చెప్పుల్లో కాళ్లు పెట్టబోయింది. అప్పుడు బాండీలోంచి టిక్కుమని చిన్న చప్పుడు వచ్చింది. వెంటనే గోళ్ల రంగు వాసనలాంటి తియ్యటి వాసన. మిగిలిన తొడుగు ఒక పక్క ఉబ్బింది. అందులోంచి తెల్లటి పొగ బుసకొడుతూ లేచింది. ఆమె ఊపిరి తీసి వదిలేలోగా మంట మనిషి ఎత్తున ఎగిసింది. ఒక సెల్లు పేలి గోడకు తగిలింది. తర్వాత మరొకటి.

మాస్టారు ఆమె చేతికి పొడుగు పిడి పార ఇచ్చారు. ఇద్దరూ దూరం నుంచే ఇసుక విసిరారు. మంట అణిగింది. అణిగిందనుకున్నాక మళ్లీ లేచింది. అలా నాలుగుసార్లు. చివరికి బాండీలో నల్లటి ముద్ద మిగిలేసరికి ఎండ వాలిపోయింది. పెంచలమ్మ అక్కడే నేల మీద కూర్చుంది. బాండీకీ షెడ్డుకూ మధ్య పన్నెండు అడుగులున్నాయి. ఇంట్లో ప్లగ్గుకూ మంచానికీ మధ్య ఎంత ఉందో ఆమెకు తెలుసు.

అక్కడి నుంచే అంది: "నాలుగు పాయింటు రెండు దాటినప్పుడే చూశాను మాస్టారూ. చెప్పలేదు."

"తెలుసమ్మా."

ఆమె లేచి చేతులు కడుక్కుని, చిన్న బ్యాటరీని సైకిలు మధ్య కమ్మీకి బిగించడం మొదలుపెట్టింది. మాస్టారు స్పానర్లు అందించారు. ఆఖరి బోల్టు బిగిస్తూ, తల ఎత్తకుండానే ఆమె అడిగింది.

"చింతలగుంటలో ఇది ఆగిపోతుంది. అప్పుడు నేనేం చెయ్యాలి? వాళ్లను చూడటానికి వెళ్లినదాన్ని, వాళ్ల గుమ్మంలోనే నిలబడి ప్లగ్గు అడగనా?"

మాస్టారు బట్టల మీది ఇసుక దులుపుకుంటున్నారు.

"అక్కడా కరెంటు ఉంది కదమ్మా," అన్నారు. "మనుషులూ ఉన్నారు."