మడుగులో పెరిగిన సొర

"సుభానూ... ఒరే సుభానూ, జావ చల్లారిపోతోందిరా."

హుసేన్ షా బాబా గుడిసె గుమ్మంలోంచి పిలుస్తూనే ఉన్నాడు. శిష్యుడు సుభాన్, సముద్రపు ఒడ్డున మడచెట్ల మధ్య తను కట్టిన మట్టిగట్టు మీద, మోకాళ్ళకి గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు. గట్టు లోపలి మడుగులో సొరచేప తిరుగుతోంది.

రెండు వానాకాలాల కిందట అది మూరెడు పిల్ల. సొరపిల్ల వలలో పడితే వదిలెయ్యడం ఆ తీరంలో ఆనవాయితీ. సుభాన్ మాత్రం దాని బూడిదరంగు వీపు మీద మెరిసిన పొద్దుటి వెలుగు చూసి మనసు పారేసుకున్నాడు. గట్టు కట్టి, పూటపూటా రొయ్యపిల్లలు తెచ్చి వేశాడు. ఇప్పుడది మనిషిలో సగం ఉంది.

నాలుగు రోజులుగా ఏమీ ముట్టడం లేదు.

ఎల్లుండి దీవికి పడవ వెళ్తోంది. అక్కడి పెద్దాయన దగ్గర చదువుకుందువుగాని రమ్మని పడవ నడిపే సరంగు పిలిచాడు. "నా సొరని ఎవరు చూస్తారు?" అనేశాడు సుభాన్.

బాబా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"దీనికేదో జబ్బు చేసింది బాబా. రొయ్యలు నోటి దగ్గర వేసినా తినదు. ముక్కు చూడండి, గట్టుకి ఒరుసుకుని ఎలా ఎర్రబడిందో. చచ్చిపోతుందేమో."

"చూద్దాంలే. ముందు నువ్వు తాగు."

అరచేతిలో పట్టే గిన్నె. అందులో పలచటి జావ. చిన్నప్పుడు జ్వరంతో ఇక్కడికొచ్చిన సుభాన్‌కి బాబా పట్టించిన జావే అది. నాలుగు గుక్కల్లో అయిపోయింది.

"ఇంతేనా బాబా? పొద్దుణ్ణించీ వల లాగాను."

"ఏం, బాగాలేదా? అప్పుడు దీంతోనే లేచి తిరిగావు."

"బాగానే ఉంది. కానీ..."

సుభాన్ ఖాళీ గిన్నెకేసి, మడుగుకేసి చూశాడు. సొర మళ్ళీ వచ్చి, సముద్రం వైపున్న గట్టుకే ముక్కు రాసింది.

బాబా వంగి, ఆ గట్టు మీది మట్టిబెడ్డ ఒకటి తీసి అవతల పడేశాడు. ఒక్కటే. చేతులు కడుక్కుని మళ్ళీ కూర్చున్నాడు.

సుభాన్ ఆ ఖాళీని చాలాసేపు చూశాడు. తర్వాత తనే దిగి, మిగతాదంతా రెండు చేతులతో తవ్వేశాడు. పోటు నీళ్ళు మెత్తగా లోపలికొచ్చాయి. సొర గండి దగ్గర ఒక్క క్షణం నిలిచింది. తొందరేమీ లేకుండా వెళ్ళిపోయింది. కాసేపటికి దూరంగా, నీలం మొదలయ్యే చోట, పెద్ద చేపల గుంపొకటి చెల్లాచెదురుగా పైకెగిరింది.

బాబా నవ్వాడు. "ఆకలేసినట్టుంది పాపం."

సుభాన్ కూడా నవ్వాడు. మోచేతుల దాకా మట్టి. కడుక్కోకుండా అలాగే నిలబడ్డాడు.

"సొరని సాకుగా చెప్పాను బాబా. దీవికి వెళ్ళాలని నాకు ఏడాదిగా ఉంది. మీతో చెప్పడానికే నోరు రాలేదు."