కెప్టెన్ గారి మర్యాద

కరీబియన్ సముద్రంలో ఒక దీవి ఉంది. దాని పడమటి ఒడ్డున నేల వరసగా ఏడు చోట్ల లోపలికి ఒంగి, సముద్రాన్ని కాస్త కాస్త పంచుకుంది. చదువుకున్నవాళ్లు వాటిని అఖాతాలంటారు. అక్కడి కోళ్లు మాత్రం రేవులనేవి. ఆ వరసకి ఉత్తరపు కొసన, ఎవరో వదిలేసిపోయిన దొడ్డిలో ఆరు పెట్టలూ ఒక పుంజూ కాపురం ఉండేవి.

ఏటా చలికాలం రాగానే ఆ రేవుల్లోకి తెల్ల తెరచాపల పడవలు వచ్చేవి. వాటిలో జనం ఎక్కడెక్కడి నుంచో సముద్రాలు దాటొచ్చి, ఒక రేవులో ఎండలో పడుకుని, లేచి తెరచాప ఎత్తి, పక్క రేవుకి పోయి మళ్లీ ఎండలో పడుకునేవారు. కోళ్లు పుట్టినప్పటి నుంచీ ఎండలోనే దొర్లుతున్నాయి. కానీ అదే పని పడవెక్కి చేస్తే విహారయాత్ర అవుతుందని వాటికి తెలీదు. తెలిశాక ఇక వాటికి కాలు నిలవలేదు.

అందరికంటే గవరమ్మకి ఆ పిచ్చి ఎక్కువ. గవరమ్మ చుక్కల పెట్ట. దాని అక్క పైడమ్మ. తల్లిని గద్ద ఎత్తుకుపోయాక చెల్లెల్ని రెక్క కింద పెట్టుకుని పెంచింది పైడమ్మే.

“అప్పా, ఒక్కసారి ఆ పడవెక్కితే చాలే. తరవాత నన్ను గద్ద ఎత్తుకుపోయినా బెంగ లేదు,” అనేది గవరమ్మ.

“గద్దకి నీ ముచ్చట్లతో పనేటే? నోర్మూసుకుని పురుగులేరుకో,” అనేది పైడమ్మ.

ఆ ఏడు పెద్ద తుఫాను వచ్చింది. దొడ్డి కప్పు ఎగిరిపోయింది గానీ, దాని బదులు అన్నట్టు ఒక చిన్న తెరచాప పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చింది. నాలుగో రోజున ఆ పడవ మీద ముంగిస కోదండం కనిపించాడు, తలమీద కొబ్బరి చిప్ప బోర్లించుకుని.

కోదండం గురించి రెండు ముక్కలు చెప్పాలి. వాడి ముత్తాతలు మన దేశం వాళ్లే, అలాగని మనం పొంగిపోనక్కర్లేదు. చెరుకు తోటల్లో ఎలుకలు పడ్డాయని, దొరలు ముంగిసల్ని ఓడలో తీసుకుపోయి ఆ దీవుల్లో వదిలారు. ఎలుకలది రాత్రి డ్యూటీ, ముంగిసలది పగలు డ్యూటీ. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే తరాలు గడిచిపోయాయి. మరి ముంగిసలు ఏం తిని బతికాయంటే, ఆ సంగతి కోళ్లనడగాలి.

“అమ్మలారా, భయపడకండి,” అన్నాడు కోదండం. “నేను మారిపోయాను. తుఫానులో మూడు రోజులు చెట్టు తొర్రలో కూర్చుని నా జీవితం గురించి ఆలోచించుకున్నాను. మాంసం మానేశాను. మిగిలిన ఆయుష్షంతా సేవకే.”

అందరూ చూస్తుండగా ఒక కొబ్బరి ముక్క నోట్లో వేసుకుని, ఎంతో కష్టం మీద మింగాడు.

“ఏం సేవ బాబూ?” అంది పైడమ్మ.

“విహారయాత్ర. ఏడు రేవులు, ఏడుగురు ప్రయాణికులు, రోజుకో రేవు.”

లెక్క ఎంత ముద్దుగా కుదిరిందో ఆ దొడ్డిలో ఎవరికీ తట్టలేదు. పుంజు సింహాద్రి మాత్రం రొమ్ము విరుచుకుని ముందుకొచ్చాడు. ఆ దొడ్డికి తనే పెద్దనని అతని నమ్మకం. పెట్టలు కాదనేవి కావు, వాటికి వేరే పనులున్నాయి.

“నన్ను ఏ హోదాలో పిలుస్తున్నట్టు?” అన్నాడు సింహాద్రి.

కోదండం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “ఉప కెప్టెన్ హోదాలో.”

“అయితే ఈ ముంగిస మారినట్టే,” అని తీర్పు చెప్పేశాడు సింహాద్రి.

పడవెక్కే ముందు కోదండం అందర్నీ వరసగా నిలబెట్టి ఓడ మర్యాదలు వివరించాడు. “మొదటిది, కెప్టెన్ తాడు ముట్టడు. అది కిందివాళ్ల పని. రెండోది, రేవు చేరాక అందరూ దిగిన తరవాతే కెప్టెన్ దిగుతాడు. ఇది సముద్రంలో తరతరాల ధర్మం, ప్రాణం పోయినా తప్పకూడదు. మూడోది, ప్రయాణికుల్లో చివర దిగేవారికి కెప్టెన్ గదిలో ప్రత్యేక సత్కారం. ఆ అతిథి తనంతట తాను లోపలికొచ్చేదాకా కెప్టెన్ గడప దాటి బయటికి రాడు. పెద్దమనుషుల పద్ధతి.”

“సత్కారమంటే ఏం చేస్తారో?” అంది గవరమ్మ ఆశగా.

“చెప్పేస్తే ఇక ముచ్చటేముంది తల్లీ?” అన్నాడు కోదండం, మూతి నాక్కుంటూ.

పైడమ్మకి ఆ నాక్కోవడం నచ్చలేదు. కానీ చెల్లెలు అప్పటికే బల్ల మీంచి నడిచి పడవెక్కేసింది. “నువ్వెళ్తే నేనూ వస్తాను. ఎవరో ఒకరికి బుర్రుండాల కదా,” అని గొణుక్కుంటూ వెనకే ఎక్కింది.

ఒక మాట ఒప్పుకోవాలి, ప్రయాణం బాగానే సాగింది. ఆ దీవిలో గాలి ఏడాది పొడుగునా తూర్పు నుంచి పడమటికే వీస్తుంది. ఒడ్డు పక్కనే పోతుంటే తెరచాప నిండుగా ఉబ్బి, పడవ నీళ్లని కోసుకుంటూ పోయింది. కింద నీళ్లలో ఇసక మెరుస్తోంది. గవరమ్మ పడవ ముక్కు మీద నిలబడి, రెక్కలు చాచి, “అప్పా, ఎగురుతున్నానే!” అని అరిచింది. తాళ్లు లాగింది పెట్టలు, ముళ్లు వేసింది పైడమ్మ, వాటిని చూసి తల పంకించింది ఉప కెప్టెన్. కెప్టెన్ చుక్కాని మీద ఒక కాలు వేసి నీడలో పడుకున్నాడు.

మొదటి రేవులో పడవ ఆగింది. గాలి ఒడ్డు మీంచి సముద్రంలోకి తోస్తోంది కాబట్టి, పైడమ్మ తాడు ఒక కొస మడ చెట్టు వేరుకీ, రెండో కొస పడవ ముక్కుకీ గట్టిగా కట్టింది. పడవ నుంచి ఒడ్డు మీది రాయి దాకా బల్ల వేశారు. కోదండం గదిలోకి పోయి కూర్చున్నాడు. అప్పుడు మొదలైంది గొడవ. ప్రతి కోడీ పక్క కోడిని “ముందు మీరు దిగండి” అని మహా మర్యాదగా తోసెయ్యడమే.

“అప్పా, నువ్వు చెప్పవే! ఇదంతా నా కోరికే కదా!” అంది గవరమ్మ.

పైడమ్మకి చెల్లెలి మొహం చూసి జాలేసింది. “పోనీండర్రా, దాన్ని ఉండనీండి. రేపు మీరుందురుగాని,” అని మిగతావాళ్లని తనే తోలుకుంటూ దిగింది.

చాలాసేపటికి కోదండం ఒక్కడే మీసాలు తుడుచుకుంటూ దిగాడు.

“గవరమ్మ ఏది బాబూ?”

“ఆవిడకి ఈ రేవు తెగ నచ్చేసిందమ్మా. ఇక్కడే ఉండిపోతానన్నారు. అటు పక్కనుంచి దిగి వెళ్లారు.”

“ఎంత అదృష్టమో!” అన్నాయి మిగతా పెట్టలు. పైడమ్మ అటు పక్కకి చూసింది. అటు పక్క నీళ్లు తప్ప ఏమీ లేవు. రేవంతా తిరిగి గొంతు పోయేలా పిలిచింది. తిరిగొచ్చేసరికి కెప్టెన్ గది గడప దగ్గర ఒక చుక్కల ఈక పడి ఉంది.

తెరచాప కొయ్య మీద గూడబాతు గరికయ్య కూర్చున్నాడు. ఆ ఒడ్డున జరిగేవన్నీ చూడ్డం అతని పని. చెప్పడం మాత్రం కాదు.

“గరికయ్య బాబూ, నా చెల్లి దిగడం చూసావా?”

“నీతో కలిపి ఆరుగురు దిగారు, తరవాత ముంగిస దిగాడు. ఇంకెవరూ దిగలేదు.”

“మరి చెప్పవేటి?”

“నన్నెవరడిగారు? పైగా అతగాడు నాకు చేపల తలకాయలిస్తానన్నాడు.”

పైడమ్మ ఈకని రెక్క కిందికి దోపుకుంది. అందర్నీ దింపి మరీ చెల్లెల్ని ఆ గదిలోకి పంపింది తనే. ఏడవాలనిపించింది గానీ, ఇంకా నాలుగు పెట్టలున్నాయి, ఒక వెర్రి పుంజు కూడా ఉన్నాడు.

ముందు ఆ పుంజు దగ్గరికే పోయింది. “బావా, గవరమ్మని ఆడు తినేశాడు. ఇదిగో ఈక.”

సింహాద్రి ఈకని అటూ ఇటూ తిప్పి చూశాడు. “కోడికి ఈకలు రాలవా? కెప్టెన్ మీద లేనిపోనివి చెప్పకు. రేపటి సత్కారం నాకే అని ఆయన స్వయంగా మాటిచ్చారు.”

వింటున్న పెట్టలు కూడా మొహం తిప్పుకున్నాయి. చెల్లెలికి దక్కిన భోగం చూసి పైడమ్మకి కన్ను కుట్టిందని వాటి ఉద్దేశం. పైడమ్మ ఇక ఎవరికీ నచ్చజెప్పలేదు. మళ్లీ గరికయ్య దగ్గరికి పోయి ఒక్క ప్రశ్న అడిగింది.

“బాబూ, ఇక్కడ తాడు ఊడిన పడవ ఎటు పోద్ది?”

“పడమటికి. మొన్న జాలర్ల ఖాళీ పీపా ఒకటి అలాగే పోయింది.”

“తిరిగొచ్చిందా?”

“ఇన్నేళ్లలో ఏదీ రాలేదు. గాలికి తిరిగి రమ్మని చెప్పేవాళ్లెవరున్నారు?”

మర్నాడు రెండో రేవు. పైడమ్మ మళ్లీ తనే తాడు కట్టింది, ఈసారి పడవ వైపు ఒక్క లాగుకి ఊడే ముడి. బల్ల పడింది. కోదండం గదిలో కూర్చున్నాడు. సింహాద్రి తురాయి సవరించుకుని వరసలో చివర నిలబడ్డాడు.

“అదేటి బావా?” అంది పైడమ్మ. “కెప్టెన్ చివర దిగాలంటే ఉప కెప్టెన్ ముందు దిగాల కదా? కొత్త రేవు. ముందు ఎవరో పెద్దోళ్లు దిగి చూడకపోతే ఈ ఆడాళ్లు ఎలా దిగుతారు?”

సింహాద్రికి అది నిజమేననిపించింది. నిజానికి, తన పెద్దరికం గురించి ఎవరేం చెప్పినా అతనికి నిజమేననిపించేది. దర్జాగా బల్ల మీద నడిచి అందరికంటే ముందు దిగాడు. ఉప కెప్టెనే దిగాక, పెట్టలు సణుక్కుంటూ వెనకే దిగాయి.

పడవలో పైడమ్మ ఒక్కతే మిగిలింది.

“రండి పైడమ్మ గారూ, తలుపు తీసే ఉంది!” గదిలోంచి కోదండం గొంతు తేనెలో ముంచినట్టు వచ్చింది.

“వస్తన్నాను బాబూ. కాళ్లకి బురదుంది. తుడుచుకుని వస్తాను.”

“శుభ్రత మంచిదే. తొందరేం లేదు.”

పైడమ్మ ముక్కుతో తాడు పట్టుకు లాగింది. ఊడలేదు. గాలికి తాడు బిగిసిపోయింది.

“అయిందా తల్లీ?”

“ఒక కాలు అయింది బాబూ. రెండోది తుడుస్తన్నాను.”

లోపల నాలుక చప్పరించిన చప్పుడు వినిపించింది. పైడమ్మ రెండు కాళ్లూ పడవ అంచుకి తన్ని పెట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగింది. ముడి ఊడింది. తాడు జారి నీళ్లలో పడింది. పైడమ్మ బల్ల మీద పరిగెత్తింది. సగం దాటేసరికి కాళ్ల కింద బల్ల జారిపోయింది. మిగతా సగం రెక్కలు కొట్టుకుంటూ ఎగిరి, రాయి మీద బోర్లా పడింది.

గదిలో కోదండం పెద్దమనిషిలా కూర్చునే ఉన్నాడు. పాపం, మర్యాద తనే పెట్టాడు కదా. నేల ఊగడం తెలిసి బయటికొచ్చేసరికి, పడవకీ ఒడ్డుకీ మధ్య ఒక చెరువంత నీళ్లున్నాయి.

“పైడమ్మా! తాడు! తాడు ఊడిపోయింది!”

“తాడు కిందోళ్ల పని కదా బాబూ. మేం కిందే ఉన్నాం. ఏం చెయ్యమంటారు?”

“ఒడ్డుకి ఎలా రావాలి నేను? నాకు నీళ్లంటే భయం!”

“ఓడ దిగేది అందరికంటే చివర కెప్టెనే అన్నారు. మేమందరం దిగిపోయాం. ఇక మీదే వంతు. దిగండి.”

కోదండం తెరచాప తాడు పట్టుకు లాగాడు. అది ఎలా ఎత్తాలో తెలీక తెరచాప మీద పడి, అందులో చుట్టుకుపోయాడు. చుక్కాని అటూ ఇటూ తోశాడు. పడవ గిర్రున ఒక చుట్టు తిరిగి, మళ్లీ పడమటి దారే పట్టింది.

“నేను మాంసం మానేశాను! నిజంగా!” అని అరిచాడు.

“మంచిది బాబూ. అక్కడెలాగూ దొరకదు,” అంది పైడమ్మ.

గరికయ్య తెరచాప కొయ్య మీంచి లేచి, ఒడ్డు మీది మడ చెట్టుకి ఎగిరొచ్చి కూర్చున్నాడు. “మరి నా చేపల తలకాయలు?” అన్నాడు.

పడవ చిన్నదై, చుక్కై, కనబడకుండా పోయింది. అప్పటికిగానీ పెట్టలకి విషయం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్కసారిగా ఏడుపు అందుకున్నాయి. “ఇప్పుడు ఇంటికెలా పోతాం? పడవ పోయిందే!”

“ఈ రేవుల వెనకే మేకల దారి ఉంది,” అన్నాడు గరికయ్య. “ఏడు రేవులూ దాన్నే పట్టుకుని నడవొచ్చు. మీ దొడ్డికి ఒక పూట నడక.”

“ఈ మాట ముందే చెప్పకూడదా?” అన్నాయి పెట్టలు.

“నన్నెవరడిగారు?”

కోళ్లు నడిచాయి. అందరికంటే ముందు సింహాద్రి. ముంగిస సంగతి తనకి మొదట్నుంచీ తెలుసనీ, తాను ముందు దిగడమే అసలు పథకమనీ దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. పెట్టలు కాదనలేదు, వాటికి నడవడమే సరిపోయింది.

మొదటి రేవు దగ్గర పైడమ్మ మాత్రం ఆగిపోయింది. రెక్క కింది చుక్కల ఈకని తీసి, ముందు రోజు తను తాడు కట్టిన మడ వేరు సందులో గుచ్చింది. గాలికి ఆ ఈక పడమటికి వాలి, ఎగరబోతున్నట్టు ఆడింది. పైడమ్మ అక్కడే కూర్చుని తనివితీరా ఏడ్చింది. తొందరపెట్టబోయిన సింహాద్రిని పెట్టలు నాలుగూ కలిసి ముక్కులతో పొడిచి నోరు మూయించాయి.

ఈ కథలో నీతి: ఎదుటివాళ్ల కోసం మర్యాదలు పెట్టేవాడు, అవి తన దాకా వచ్చే రోజు కోసం ముందే ఈత నేర్చుకుని ఉండాలి.