విస్తరి మూల చిటికెడు ఉప్పు

గున్నేశ్వర శాస్త్రిగారికి భోజనం దగ్గర ఒక అలవాటు ఉండేది. విస్తరి ముందు కూర్చోగానే చిటికెడు ఉప్పు తీసి ఆకు మూల పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకునేవారు. ఆ ఉప్పు అన్నంలో కలుపుకునేవారు కాదు. భోజనం అయ్యాక అది ఆకుతో పాటే పోయేది. ఆయన దగ్గర అలంకారశాస్త్రం చదువుకునే శిష్యులు దీనికి తలొక అర్థం చెప్పుకున్నారు. సముద్రుడికి నైవేద్యం అని ఒకడు, వైరాగ్యానికి గుర్తు అని ఇంకొకడు, రక్తపోటు అని మరొకడు. అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. గురువుల ఇళ్ళలో ప్రశ్న కంటే ముందు వ్యాఖ్యానం పుడుతుంది.

చివరికి అడిగినవాడు కూర్మనాథం. అతనికి ధైర్యం వచ్చి అడగలేదు, ఇబ్బందిగా ఉండి అడిగాడు. ముందు రోజు శాస్త్రిగారు ఏడేళ్ళు కూర్చుని రాసిన గ్రంథాన్ని అచ్చుకు పంపేముందు శిష్యులందరికీ చదివి వినిపించారు. అందరూ ఆహా అన్నారు. కూర్మనాథం అందరికంటే గట్టిగా అన్నాడు. కానీ రెండో ప్రకరణం సగంలో తనకు నిద్ర ముంచుకొచ్చిన సంగతి అతనికి తెలుసు. ఆ మర్నాడు భోజనాల వేళ గురువుగారు తన వైపే చూస్తున్నట్టు అనిపించి, ఏదో ఒక మాట కలపాలని, "గురువుగారూ, ఆ ఉప్పు ఏ దేవుడికండీ?" అన్నాడు.

"దేవుడికి కాదు నాయనా, పైడయ్యకి," అన్నారు శాస్త్రిగారు. అని, అన్నం కలుపుకుంటూ ఈ సంగతి చెప్పారు.

వరహాలమ్మగారని ఒకావిడ ఉండేది. ముప్పై ఏళ్ళు అనకాపల్లిలో ఒక గుడి వంటశాలలో స్వామికి వండిన మనిషి. యాభై దాటాక ఆ కొలువు వేరే వాళ్ళకు వెళ్ళిపోయింది. తమ్ముడు వచ్చి, "మా ఇంట్లో ఉందువుగాని రా అక్కా," అన్నాడు. ఆ ఉండటం అంటే బతికినన్నాళ్ళూ మరదలి వంటింట్లో చాకిరీ అని ఆవిడకు తెలియనిది కాదు. ఒక్క నెల గడువు అడిగింది. అనకాపల్లి బెల్లం మండీ వెనక ఒక పాక అద్దెకు తీసుకుని, మధ్యాహ్నం భోజనాలు పెడతానని నలుగురికీ చెప్పింది. పుట్టి బుద్ధెరిగాక తనదంటూ ఒక పొయ్యి వెలిగించడం అదే మొదలు. నెల తిరిగేసరికి అది నిలబడితే సరే, లేకపోతే మూటాముల్లె సర్దుకుని తమ్ముడి వెంట నడవాల్సిందే.

గుడిలో నైవేద్యం అయ్యేదాకా వంట రుచి చూడరు, వాసన కూడా చూడరు. చెయ్యే కొలత. ఆవిడది ముప్పై ఏళ్ళు ఒకే గిన్నెకు అలవాటు పడిన చెయ్యి. మండీ దగ్గర గుండిగ దానికి మూడింతలు. బియ్యం, పప్పు కొలిచి పోసింది, చింతపండు చూసుకుని పిసికింది. ఉప్పు దగ్గర మాత్రం చెయ్యి తనంతట తాను వెళ్ళి, పాత గిన్నెకు సరిపడా వేసి వచ్చేసింది. నైవేద్యం అయ్యాకైనా ఒక ముద్ద నోట్లో వేసుకుంటే తెలిసేది. కానీ ఆవిడకు ఇంకో పట్టింపు ఉంది. పదిమంది కోసం వండిన అన్నంలో మెతుకు కూడా తనది కాదని. తన కోసం గుప్పెడు బియ్యం విడిగా ఉడకేసుకుని, మజ్జిగ పోసుకుని తినేది. నిజాయితీపరుల పొరపాట్లతో వచ్చిన చిక్కే ఇది, వాటిని పొరపాట్లు అనడానికి ఎవరికీ నోరు రాదు.

మొదటి రోజు పాతిక విస్తళ్ళు లేచాయి. ఊళ్ళో అందరూ ఆవిడ చేతి పులిహోర, దద్ధోజనం తిన్నవాళ్ళే. మొదటి ముద్ద తిని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పప్పు చప్పన. చారు అంతకంటే చప్పన. కానీ ప్రసాదం పెట్టిన చెయ్యి, వంక పెడితే ఎలా? పప్పులోకి ఆవకాయ కలుపుకున్నారు, చారులోకీ ఆవకాయే నంజుకున్నారు, "అమృతంలా ఉందమ్మా!" అని కళ్ళకద్దుకుని లేచారు. మర్నాటి నుంచి ఒక్కొక్కరే ఇంకోచోటికి మళ్ళారు. నిండు జాడీ ఆవకాయ నాలుగు రోజుల్లో సగానికి దిగిపోతే, ఈ ఏడు ఊరగాయ ఎంత బాగా కుదిరిందో అని ఆవిడ మురిసిపోయింది పాపం.

తొమ్మిదో రోజుకు మిగిలినవి రెండే విస్తళ్ళు. ఒకటి మండీలో కాటా రాసే ముసలి గుమస్తాది, రెండోది సంస్కృతం చదువుకోవడానికి ఆ ఊరు వచ్చిన ఒక విద్యార్థిది. ఆ పొద్దున వరహాలమ్మ దీపం పెడుతూ ఏడ్చింది. "నా వల్ల ఏం తప్పు జరిగిందో చెప్పు స్వామీ," అని అడిగింది. స్వామి ఎప్పట్లాగే ఊరుకున్నాడు.

ఆ మధ్యాహ్నం పైడయ్య వచ్చాడు. చోడవరం వైపు నుంచి బెల్లం దిమ్మల బండి తోలుకొచ్చిన మనిషి. ఆ ఊరివాడు కాడు, ఆవిడెవరో తెలియదు. కాళ్ళు కడుక్కుని పంక్తిలో కూర్చుని రెండు ముద్దలు తిని ఆగాడు.

"కూసింత ఉప్పెట్టండమ్మా," అన్నాడు.

ముప్పై ఏళ్ళలో ఆవిడ దగ్గర ఉప్పు అడిగినవాడు లేడు. "ఉప్పా?" అంది తెల్లబోయి.

"పప్పు బాగుడికింది. సారు గుమగుమలాడతంది. ఉప్పే నేదు. తవరు తిన్నేదా?"

"ఇది పదిమందికీ పెట్టే అన్నం నాయనా. నేను ముట్టను."

పైడయ్య చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "తవరు తినంది మాకెడతన్నారా అమ్మా?" అన్నాడు. వెటకారం కాదు, అతనికి నిజంగానే వింతగా తోచింది.

"ఎవరి చేతి వంటనుకున్నావురా? నోరు జాగ్రత్త!" అని గుమస్తా కసిరాడు. వరహాలమ్మ మొహం ఎర్రబడింది. గరిట పట్టుకుని విసురుగా లోపలికి పోయింది. ఇక ఈ బండివాడికి మూడిందే అనుకున్నారు ఆ ఇద్దరూ. ఆవిడ గుండిగ దగ్గర నిలబడి అరచేతిలో చారు పోసుకుని తాగింది. ఇంకోసారి పోసుకుని తాగింది. చాలాసేపు అక్కడే నిలబడింది. సిగ్గుతో ఆవిడ ప్రాణం చచ్చిపోయింది. బయటికి వచ్చి ముందు ఆ ఇద్దరినీ అడిగింది: "తొమ్మిది రోజులుగా తింటున్నారే, మీకు నాలుకలు లేవా?"

"తమ చేతి వంటకు వంక పెడితే కళ్ళు పోవా అమ్మా," అని గొణిగాడు గుమస్తా. రెండోవాడు తలెత్తలేదు.

అప్పుడావిడ దొప్పలో ఉప్పు తెచ్చి పైడయ్య ఆకులో స్వయంగా వడ్డించింది. వడ్డించి, రెండు చేతులూ జోడించింది. "ముప్పై ఏళ్ళు దేవుడికి వండాను నాయనా. ఆయన ఒక్కనాడూ చెప్పలేదు. నువ్వు చెప్పావు."

"ఉప్పడిగితే దండాలెడతారేటమ్మా!" అని పైడయ్య కంగారుపడిపోయాడు. ఉప్పు కలుపుకుని, మారు వడ్డించుకుని కడుపునిండా తిని, బండి కట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ మండీలో కనిపించలేదు.

మర్నాటి నుంచి నైవేద్యం కాగానే, అందరికీ వండిన గుండిగలోంచే పెట్టుకుని, మొదటి ముద్ద ఆవిడ తినేది. గోడ వారన ఒక చిన్న ఆకు వేసి అందులో చిటికెడు ఉప్పు పెట్టేది. ఆ తరవాతే వడ్డన. నెలాఖరుకు పంక్తి పాక దాటి మండీ ఆవరణలోకి వచ్చింది. అక్కను తీసుకుపోవడానికి వచ్చిన తమ్ముడు తనూ ఆ పంక్తిలోనే కూర్చుని, పప్పు మూడుసార్లు వేయించుకుని, ఒక్కడే తిరిగి వెళ్ళాడు.

శాస్త్రిగారు చెప్పడం ఆపి చారు పోయించుకున్నారు. కూర్మనాథం "ఇదంతా చూసినట్టే చెబుతున్నారు, మీకెలా తెలుసండీ?" అన్నాడు.

"ఆ తలెత్తనివాణ్ణి నేనే," అన్నారాయన. "తొమ్మిది రోజులూ అమృతంలా ఉందమ్మా అని లేచినవాణ్ణి. పైడయ్య ఆ పూట రాకపోతే నా మర్యాద ఆ మహాతల్లిని తమ్ముడి వంటింటికి పంపేసేది. ఆ తరవాత నాలుగేళ్ళు ఆవిడ పెట్టిన అన్నం తినే చదువుకున్నాను. నాకొచ్చిన ఈ నాలుగు ముక్కలూ ఆ అన్నం పుణ్యమే. ఆ అన్నం పైడయ్య నిలబెట్టింది."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి. ఆయన దాచుకోలేదు.

కూర్మనాథం ఆకులో వేళ్ళు కదుపుతూ, "గురువుగారూ, ఆ రెండో ప్రకరణం..." అన్నాడు.

"చెప్పు."

"నిద్రొచ్చిందండీ."

శాస్త్రిగారు ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం అడిగారు. ఉపమానాల చర్చ మొదలైన దగ్గర్నుంచి అని అతను చెప్పాడు. ఆ సాయంత్రం ఆయన రాతప్రతి ముందు వేసుకుని, పదహారు పుటలు కొట్టేశారు. ఏడేళ్ళ రాతలో పదహారు పుటలంటే మాటలు కాదు. కానీ కొట్టేస్తున్నంతసేపూ ఆయన మొహం తేటగా ఉందని, పక్కన కూర్చుని విసనకర్రతో విసిరిన శిష్యుడు చెప్పాడు.

మర్నాడు భోజనాల దగ్గర శాస్త్రిగారి విస్తరి మూల ఉప్పు రెండు చోట్ల ఉంది. పక్కపక్కనే రెండు చిటికెలు. కూర్మనాథం వాటిని చూశాడు, ఆయన్ను చూశాడు, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు.

"ఒకటి పైడయ్యది," అన్నారు శాస్త్రిగారు. "నువ్వు తిను నాయనా, చారు చల్లారిపోతోంది."