మసి పూయని కావ్యం

ఒకానొక రాజ్యంలో కవులకు కొదవ లేదు గానీ, పుస్తకాలకు ప్రతులు రాసే లేఖకులు ఒక్కరూ లేరు. పంచాంగమైనా, వైద్యగ్రంథమైనా ఏటి అవతలి దేశం నుంచి పడవల మీద రావలసిందే. ఆ దేశంతోనే యుద్ధం వచ్చింది. పడవలు ఆగిపోయాయి.

గాయాలకు ఏ మందు కట్టాలో చెప్పే గ్రంథం దండులో లేదు. చిన్న దెబ్బకే చీము పట్టి సైనికులు చచ్చిపోతున్నారు. ఉద్దండవర్మ మహారాజు కోటలో లేఖకశాల పెట్టించి, ఆస్థానకవి పేరిభొట్లును అధికారిగా వేశాడు.

పేరిభొట్లు వెయ్యి పద్యాల కావ్యం రాసినవాడు. దాన్ని కడదాకా చదివింది ఆయనొక్కడే, అదీ రాసేటప్పుడు. ఉన్న ఒక్క ప్రతినీ ఆయన భార్య ఊరగాయ జాడీ మీద మూతగా పెట్టింది. "పోనీలే, రోజుకు రెండుసార్లయినా దాన్ని చేత్తో తీస్తున్నారు" అని ఆయనే నలుగురితో చెప్పి నవ్వేవాడు.

ఆయన కరణాలనూ బడిపంతుళ్ళనూ పోగుచేశాడు. తాటాకులు పసుపునీళ్ళలో ఉడికించి నీడన ఆరబెట్టించాడు. రాజవైద్యుడి దగ్గరున్న ఒకే ఒక గ్రంథం తెప్పించాడు. ఇంతలో రాజు పిలిపించాడు.

"ఉన్న ఆకులన్నీ మేము రచించిన 'ఉద్దండ విజయాని'కే వాడాలి. రెండువందల ప్రతులు. దళానికొకటి."

"చిత్తం ప్రభూ. యుద్ధం ఇంకా ముగియలేదు గదా?"

"పన్నెండో ఆశ్వాసంలో ముగించేశాం."

పేరిభొట్లు లెక్క వేసుకున్నాడు. తాటితోపులన్నీ కోట కంచెలకు నరికేశారు, ఇక ఆకులు దొరకవు. ఔనంటే దండులో ప్రాణాలు పోతాయి, కాదంటే తన తల పోతుంది. తల సంగతి ఆయన ఎక్కువసేపు ఆలోచించలేదు. అందులోంచి వచ్చిన పద్యాలు ఎలాంటివో ఆయనకు తెలుసు.

నెల తిరిగేసరికి రెండువందల కట్టలు సిద్ధమయ్యాయి. రాజు ఒకటి విప్పి చూశాడు.

"ఆకులన్నీ బోసిగా ఉన్నాయేం?"

"గంటంతో గీసిన అక్షరం మసి పూస్తేగాని కంటికి ఆనదు ప్రభూ. దారిలో శత్రువు చేతికి చిక్కితే తమ యుద్ధతంత్రమంతా బయటపడుతుందని పూయలేదు. శిబిరం చేరాక మనవాళ్ళే పూసుకుంటారు."

తన కావ్యంలో శత్రువు కాజేయదగ్గ రహస్యాలున్నాయని రాజుకు అప్పుడే తెలిసింది. మీసం దువ్వి, పంపమన్నాడు.

కొన్నాళ్ళకు రాజు దండు చూడబోయాడు. పేరిభొట్లూ వెంట వెళ్ళాడు. కాలికి కట్టుతో కోనప్ప అనే బంటు ఎదురుపడ్డాడు.

"మా పుస్తకం చదివారా?" అన్నాడు రాజు.

"కంఠతా పట్టినాం దొరా. అది లేకుంటే నా కాలు పోయుండేది. వేపాకు నూరి పసుపు కలిపి కట్టమని రెండో ఆకులోనే ఉండాది గదా."

"వీరరసంలో వేపాకేమిటి?"

రాజు కోనప్ప చంకలోని కట్ట లాక్కుని చూశాడు. మసి పూసిన ఆకుల నిండా గాయాలు, జ్వరాలు, కషాయాలు. ఆయన ముఖం కందగడ్డ అయింది. పేరిభొట్లు ముందుకొచ్చి కట్టలో పై ఆకు చూపించాడు.

"మొదటి ఆకు చిత్తగించండి ప్రభూ. అది తమ పద్యాలే."

"తక్కినవి?"

"కావ్యం రాసి చెడ్డవాణ్ణి, అనుభవం మీద మనవి చేస్తున్నాను. మొదటి ఆకు దాటి నా కావ్యం చదివినవాడు ఈ పద్నాలుగేళ్ళలో లేడు. తమకు ఆ గతి పట్టకూడదనుకున్నాను. ఇప్పుడు దండంతా తమ పుస్తకాన్ని కడదాకా చదువుతోంది."

రాజు కోనప్ప కాలి కట్టు వంక, చేతిలోని పుస్తకం వంక చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. చేతి కడియం తీసి పేరిభొట్లుకు తొడిగాడు. లేఖకశాల ఇక శాశ్వతమనీ, ఊరూరా తాటిటెంకలు నాటాలనీ అక్కడికక్కడే ఆజ్ఞాపించాడు.

"నీ కావ్యం కూడా రెండువందల ప్రతులు రాయించమంటావా?"

పేరిభొట్లు చేతులు జోడించాడు. "వద్దు ప్రభూ. జనం ఇప్పటికే ఒక యుద్ధం మోస్తున్నారు."

రాజు మళ్ళీ నవ్వాడు. ఆ కావ్యం మాత్రం జాడీ మీదే ఉండిపోయింది. దాని కింద ఊరగాయ ఏనాడూ బూజు పట్టలేదని పేరిభొట్లు గర్వంగా చెప్పుకునేవాడట.