నక్క తుడిచిన గుర్తు

ఎండలు ముదిరేసరికి అడవివాగు ఇంకిపోయి ఇసుక తేలింది. ఆ ఇసుకలో మిగిలింది ఒక్కటే చెలమ. పొద్దున్నే ముందుగా తాగినవాళ్లకి తేటనీళ్లు, వెనకొచ్చినవాళ్లకి బురద. మొదటి వంతు ఎప్పుడూ నక్కదే. దూది అనే కుందేలు అప్పుడే పిల్లల్ని పెట్టింది. బురదనీళ్లు తాగి తాగి దానికి పాలు తగ్గిపోయాయి.

"ఈ వేసవికి మొదటి వంతు నాకిద్దూ, మామా," అని నక్కని అడిగింది.

మొహం మీదే కాదంటే అడవంతా తిట్టిపోస్తుందని నక్కకి తెలుసు. "అలాగే కోడలా! ఊరికే ఎందుకు, పోటీ పెట్టుకుందాం. మూడంగల దూకుడు. గెలిచినవాళ్లదే మొదటి వంతు," అంది.

దూకడం అనగానే దూది మొహం వెలిగింది.

"పూర్తిగా విను మరి. పరుగెత్తుకొచ్చి ఈ దుంగ మీద కాలేసి లేవాలి. దుంగ దాటి కాలు పడిందా, ఆ దూకు చెల్లదు. ఏ కాలితో లేచావో మొదట ఆ కాలి మీదే దిగాలి. రెండో అంగ రెండో కాలి మీదకి. మూడోది ఇసుకలోకి. పనంతా వెనక్కాళ్లదే."

రెండు కాళ్లూ కూడదీసుకుని గెంతడం తప్ప కుందేలుకి ఇంకోటి చేతకాదు. నక్క ధీమా అదే.

తీర్పు చెప్పడానికి ముసలి అడవిదున్న ఒప్పుకుంది. "ఇసుకలో దుంగకి అన్నిటికంటే దగ్గర్లో పడ్డ గుర్తు దాకా కొలుస్తాను. అది కాలిదైనా సరే, తోకదైనా సరే. దూకాక ముందుకి నడిచి బయటికి పోవాలి. ఇసుకలో వెనక్కి నడిస్తే దూకు పోయినట్టే. ఒక్కొక్కరికీ ఒక్కటే దూకు," అంది.

"ఆ మాత్రం తెలీదా తాతా," అంది నక్క.

దూది ఆ సాయంత్రమే సాధన మొదలుపెట్టింది. మొదటి గెంతు ఆకాశానికి లేచింది. దిగగానే మోకాలు మడతపడి బొక్కబోర్లా పడింది. మళ్లీ లేచింది, మళ్లీ పడింది. చెలమ అంచున ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ చూసి చూసి నోరు విప్పింది.

"ఒంటికాలి సంగతి నన్నడగాలి గానీ, ఏమిటే పిల్లా ఆ కుప్పిగంతులు?"

"బలమంతా పెడుతున్నాను అత్తా. అయినా కూలిపోతున్నాను."

"అంతా మొదటిదానికే పోస్తే కూలిపోక ఏం చేస్తావ్? ఎంత ఎత్తుకి లేస్తే అంత బరువుగా పడతావు. మొదటిది నేలబారుగా పోనీ. రెండోది సాగదియ్యి. ఎగరడం మూడోదాంట్లో."

దూది ఆ మాట పట్టుకుంది. కాళ్లు నొప్పిపుట్టినా మానలేదు.

పోటీ రోజు ముందు దూకింది దూదే. దుంగ అంచు తగిలీ తగలకుండా లేచి, అదే కాలి మీద తేలిగ్గా దిగి, రెండో అంగ బారుగా సాచి, గాల్లోకి లేచి ఇసుకలో దిగింది. పడకుండా మూడంగలూ పూర్తిచేసినందుకే దానికి కళ్లు చెమ్మగిల్లాయి.

తర్వాత నక్క. ఎక్కడా తప్పు లేదు. దాని మడమలు కుందేలు గుర్తుకి చాలా అవతల దిగాయి. బరువైన తోక మాత్రం వెనక ఇసుకకి తగిలి గీత పడింది. దూది ఆ గీత వైపు చూసింది. అది కూడా తన గుర్తుకి జానెడు అవతలే ఉంది. పిల్లలు గుర్తొచ్చి బొరియ వైపు తిరిగింది.

నక్క మాత్రం ఎదటివాళ్ల గుర్తు వైపు చూడనేలేదు. తోకగీత వల్ల ఎంత దూరం పోతోందో అన్నదే దాని దిగులు. దున్న కొలతతీగ తెచ్చేలోగా, ఏమీ ఎరగనట్టు వెనక్కి నడిచి, ఆ గీతని తోకతోనే తుడిచేసింది.

"ఎటురా అబ్బాయ్?" అంది దున్న.

"కాలు పట్టేసింది తాతా. నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుందని..."

"సర్దుకుంటే మంచిదే. దూకు మాత్రం పోయింది. ఇసుకలో వెనక్కి నడిచావు."

"అన్యాయం! మడమలు ఎక్కడ దిగాయో చూడు!"

"చూశాను. తోక ఎక్కడ తగిలిందో కూడా చూశాను. అక్కడికి కొలిచినా గెలుపు నీదేరా. వదిలేసుంటే సరిపోయేది."

నక్క తను తుడిచిన చోటుకేసి తిరిగి చూసింది.

"నేనూ చూశాను మామా," అంది దూది మెల్లగా. "ఓడిపోయానని ఇంటికి బయల్దేరబోతున్నాను."

మర్నాడు పొద్దున్నే దూది కడుపునిండా తేటనీళ్లు తాగింది. వారం తిరిగేసరికి పిల్లలు బొరియ బయట గెంతుతున్నాయి.

నీతి: నిజం తన వైపే ఉన్నా దాన్ని దాచబోయినవాడు గెలుపుని కూడా పోగొట్టుకుంటాడు.