కట్టు విప్పిన చెయ్యి

పీలేరులో షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చే చెంగల్రాయుడు ఏ వస్తువు ధర విన్నా దాన్ని వడ్డీ లెక్కలోకి మార్చి చెప్పేవాడు.

దానికి కారణం లేకపోలేదు. దుకాణం పెట్టిన కొత్తలో సామాను కొనడానికి అతను మూడు లక్షలు అప్పు చేశాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు ఆరు వేలు, అంటే రోజుకు రెండు వందలు. ఆ రెండు వందలే అతని కొలబద్ద అయింది. భార్య నాగవేణి సినిమాకు పోదామంటే, "ఇద్దరికీ నాలుగు వందలు. రెండు రోజుల వడ్డీ!" అనేవాడు. ఆమె కూడా సరేనని ఊరుకునేది. బజారులో కాఫీ తాగలేదు, పండగకు బట్టలు కొనలేదు. ఐదేళ్ళు అలా కడుపు కట్టుకుని అసలూ వడ్డీ తీర్చేశారు. ఆ లెక్కే వాళ్ళను ఒడ్డున పడేసింది.

అప్పు నోటు చించేసిన రోజు నాగవేణి పాయసం వండింది. చెంగల్రాయుడు గిన్నెలోకి తొంగి చూశాడు.

"ఇన్ని జీడిపప్పులా? పావు రోజు వడ్డీ!" అన్నాడు.

"ఎవరికి కట్టాలయ్యా ఆ వడ్డీ?" అంది నాగవేణి.

అతను రెండు గిన్నెలు తాగాడు. కానీ లెక్క మానలేదు.

ఏడాది గడిచింది. గిరాకీ బాగుంది, చేతిలో నాలుగు డబ్బులు మిగులుతున్నాయి. అయినా గల్లాపెట్టె తాళంచెవి అతని మొలతాడుకే వేలాడుతుండేది. పెట్టె తెరిచి ఒక నోటు బయటికి తీసినా మళ్ళీ లోపలే పెట్టేసేవాడు. ఖర్చు పెడితే ఆ పాత రోజులు మళ్ళీ తలుపు తడతాయేమోనని అతని భయం.

ఒకరోజు నాగవేణి తన చెప్పు తిప్పి చూపించింది. "ఏమయ్యా, అడుగంతా అరిగి నున్నగా అయిపోయింది. పట్టీ కూడా తెగింది. కొత్త జత కొందాం."

"ఎంతంటాడు?"

"మూడు వందలు."

"ఒకటిన్నర రోజు వడ్డీ! పిన్నీసు పెట్టుకో. ఇంకో ఆరు నెలలు వస్తాయి." అనడమే కాదు, పిన్నీసు తనే తెచ్చి తగిలించాడు.

వారం తిరక్కముందే ఒక పెళ్ళి వంటపాత్రలు దుకాణానికి తిరిగొచ్చాయి. దుకాణం వెనక బండల మీద నాగవేణి వాటిని తోముతోంది. సబ్బునీళ్ళలో అరిగిన చెప్పు జర్రున జారింది. ఆమె కింద పడుతూ చెయ్యి ఊనింది. మణికట్టు విరిగింది.

చెంగల్రాయుడు అప్పటికప్పుడు కారు మాట్లాడి ఆమెను ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు తీసుకుపోయాడు. అక్కడ కట్టు కట్టే పెద్దాయన ఎముక సరిచేసి, వెదురుబద్దలు పెట్టి బిగించాడు. నలభై రోజులు కదిలించొద్దన్నాడు. కారు బాడుగ, కట్టు, మందులు కలిపి మూడు వేల ఆరు వందలయింది. తిరిగొస్తుంటే చెంగల్రాయుడి బుర్ర అలవాటుగా లెక్క మొదలుపెట్టింది. కానీ ఈసారి వడ్డీ తట్టలేదు. పన్నెండు జతల చెప్పులు అని తట్టింది.

గడువు ముగిశాక పెద్దాయన కట్టు విప్పాడు. "ఎముక అతికింది తల్లీ. ఇక రోజూ కొంచెం కొంచెం ఆడించు. భయపడి ముడుచుకుంటే చెయ్యి కొయ్యబారిపోతుంది. అలాగని మొదటి రోజే నీళ్ళబిందె ఎత్తకు, మళ్ళీ విరుగుతుంది" అన్నాడు.

ఇంటికొచ్చాక చెంగల్రాయుడు భార్య వెంట పడ్డాడు. "ఆడించు నాగవేణీ! అతికిందని ఆయన చెప్పాడుగా. ఇంకా భయమెందుకు?"

"నా చెయ్యి సరేనయ్యా," అంది ఆమె, నొప్పికి పళ్ళు బిగించి వేళ్ళు కదిలిస్తూ. "నీ చేతి కట్టు ఎప్పుడు విప్పుతావు? అప్పుతో మనం విరిగిన మాట నిజమే. నువ్వు బిగించి కట్టావు, అతికింది. అతికి ఏడాది దాటింది. నువ్వు మాత్రం ఇంకా కట్టుతోనే తిరుగుతున్నావు."

చెంగల్రాయుడు కిందికి చూశాడు. తనకు తెలియకుండానే తాళంచెవిని గుప్పిట్లో బిగించి పట్టుకుని ఉన్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ చెప్పుల దుకాణానికి వెళ్ళారు. నాగవేణి ఒక జత తొడుక్కుని నాలుగడుగులు నడిచి చూసింది.

"మూడు వందల ఇరవై" అన్నాడు దుకాణదారు.

చెంగల్రాయుడి పెదాలు కదిలాయి. నాగవేణి నవ్వు ఆపుకుంటూ, "ఎన్ని రోజుల వడ్డీ?" అని అడిగింది.

"వడ్డీ లేదు. చెప్పుల ధరే" అని అతను డబ్బిచ్చాడు. కొంపేమీ మునగలేదు. ఆ ధైర్యంతో, "ఇంకో రెండు జతలు తీసుకో! అటునుంచి అటే కొత్త టీవీ కూడా చూద్దాం" అన్నాడు.

"మొదటి రోజే బిందె ఎత్తొద్దన్నాడు కదా!" అంది నాగవేణి. "పద, కాఫీ తాగుదాం."

ఆ తర్వాత ప్రతి నెలా చెంగల్రాయుడు ముందుగా ఆపదకని కొంత పక్కన పెట్టేవాడు. ఇంకొంత నాగవేణి చేతికిచ్చి, దానికి లెక్క అడిగేవాడు కాదు. గల్లాపెట్టె తాళంచెవి మొలతాడు నుంచి గోడమేకు మీదికి మారింది.

అప్పు ఉన్నప్పుడు చెయ్యి బిగించడం ఎంత అవసరమో, అప్పు తీరాక ఆ చేతిని కొద్దికొద్దిగా తెరవడం నేర్చుకోవడమూ అంతే అవసరం.